పని దానిది, సంతకం మనది

"ఏఐ ఏజెంట్‌ను పెట్టుకోండి, రోజువారీ పనులన్నీ అదే చూసుకుంటుంది" అనే మంత్రోపదేశం గల్ఫ్ ఆఫీసుల దాకా వచ్చేసింది. మెయిల్‌కి జవాబు అదే రాస్తుందట, ఇన్‌వాయిస్ అదే ఎక్కిస్తుందట, టికెట్ అదే కొంటుందట, వీసా ఫారం అదే నింపుతుందట. ఉద్యోగి చేయాల్సిందల్లా చివర్లో ‘ఓకే’ నొక్కడం. ఓకే నొక్కడానికి నెలజీతం ఎందుకన్న అనుమానం యజమానికి వచ్చేదాకా ఈ వైభోగం సాగుతుంది. ఈ మాటలో నిజమెంతో తేల్చడానికి అమెరికా వెళ్లనక్కర్లేదు, షార్జాలో రోలా చాలు. టైపింగ్ సెంటర్లు, ఎక్స్ఛేంజీలు, కార్గో దుకాణాలు, ట్రావెల్స్ ఆఫీసులు పక్కపక్కనే ఉండే పేట అది. జగిత్యాల నుంచి కోనసీమ దాకా మనవాళ్లు ఏదో ఒక కాగితం పట్టుకుని అక్కడ తిరుగుతూనే ఉంటారు. వీసా, ఎమిరేట్స్ ఐడీ, లేబర్ కాంట్రాక్టు, మున్సిపాలిటీ ముద్ర పడిన అద్దె ఒప్పందం, వీటిలో ఏ ఒక్కదాంట్లో ఒక్క అక్షరం తప్పినా మనిషి ఆగిపోతాడు.

మన పేర్ల సంగతే చూడండి. తెలుగువాడికి ఇంటిపేరు ముందుంటుంది, అదీ చాలాసార్లు ఒక్క పొడి అక్షరంగా. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, పేరంతా ఒకే గడిలో ఇరుక్కుని ఉంటుంది. 2022 నవంబరులో యూఏఈ ఒంటిపేరు పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లను రానివ్వబోమంది. ఆ తర్వాత, రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే ఒప్పుకుంటామని సర్దింది. ఇలాంటి మెలికలు టైపింగ్ సెంటర్‌లో కూర్చునేవాడికి తెలుసు. గడి ఖాళీగా కనబడగానే తలెత్తి, "అన్నా, నాయిన పేరేంది?" అని అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్నే అతని నైపుణ్యం. ఏజెంట్ గొప్పదనమంతా అడగకుండా పని ముగించడంలోనే ఉందని అమ్మేవాళ్లు చెబుతున్నారు. అడగకపోతే ఏం చేస్తుంది? నప్పేట్టున్నదేదో వేసేస్తుంది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2024లో ఒక ఉత్తుత్తి కంపెనీ కట్టి, ఆఫీసు పనులు ఏజెంట్లకు అప్పగించి చూశారు. అందులో ఒక ఏజెంట్‌కి తాను సంప్రదించాల్సిన మనిషి చాట్‌లో దొరకలేదు. అప్పుడది ఇంకో ఉద్యోగి పేరును కావలసిన మనిషి పేరుగా మార్చేసి ముందుకు సాగింది. అయ్యవారిని చేయబోతే కోతి అయిందంటారు గానీ, ఇక్కడ కోతికే అయ్యవారి పేరు పెట్టేశారు! ఇదే తెలివి వీసా ఫారం మీద చూపిస్తే ఆ పేరున్నవాడి గతేమిటి? కాగితం సరిదిద్దుకునేలోగా గడువు దాటితే రోజుకు 50 దిర్హాముల జరిమానా పడేది అతనికి. ఏజెంట్‌కి వీసా అక్కర్లేదు.

అదే పరీక్షలో అప్పటికి అన్నిటికన్నా మెరుగైన ఏజెంట్ పూర్తిగా ముగించినవి నూటికి 24 పనులు. ఆ తర్వాత వచ్చినవి ఇంకా బాగా చేస్తున్నాయి, కాదనను. కానీ ఒక చిన్న లెక్క చూడండి. ఒక పనిలో 20 అంచెలు ఉన్నాయనుకుందాం. ఒక్కో అంచెలో నూటికి 95 సార్లు సరిగ్గా చేసినా, మొత్తం పని తప్పులేకుండా పూర్తయ్యేది నూటికి 36 సార్లే. పోనీ 99 అనుకుందాం, అప్పుడూ 82కి మించదు. మిగతా 18 ఎక్కడ తప్పాయో కనిపెట్టాలంటే వందా చూడాలి. అంటే గుమాస్తాకు పని తగ్గలేదు, చేసే పని పోయి వెతికే పని వచ్చింది. తాను చేసిన తప్పు వెతకడం కన్నా ఎవరో ఆత్మవిశ్వాసంతో చేసిన తప్పు వెతకడం కష్టం. 2025 జూలైలో రెప్లిట్ అనే కంపెనీ ఏజెంట్, ఏదీ మార్చవద్దని స్పష్టంగా చెప్పినా వాడుకలో ఉన్న డేటాబేస్‌ను చెరిపేసింది. పైగా తిరిగి తెచ్చుకోవడం కుదరదని చెప్పింది. అదీ తప్పే, తిరిగి తేగలిగారు.

ఇక తీరిక మాట. యంత్రం పనిచేస్తే మనిషికి సమయం మిగులుతుందని ప్రచారం. షార్జా ప్రభుత్వ ఉద్యోగులకు నిజంగానే సమయం మిగిలింది, 2022 జనవరి నుంచి వాళ్లకు వారానికి నాలుగు రోజులే పని. ఆ తీరికను ఏ ఏజెంటూ తేలేదు, ప్రభుత్వ ఉత్తర్వు తెచ్చింది. అదే షార్జాలో ప్రైవేటు కొలువుల్లో ఉన్నవారికి చట్టం ఇప్పటికీ వారానికి 48 గంటలు అంటోంది. వాళ్ల పని సగానికి తగ్గించే యంత్రం రేపు వచ్చినా గంటలు తగ్గవు, తలలు తగ్గుతాయి. కాగితాల బెడద సంగతీ అంతే. 2023 నవంబరులో యూఏఈ కనీసం 2,000 ప్రభుత్వ ప్రక్రియలను ఎత్తేయాలని సంకల్పించింది. అక్కర్లేని ఫారాన్ని రద్దు చేయడం పరిపాలన. అక్కర్లేని ఫారాన్ని వేగంగా నింపే ఏజెంట్‌ను కొనడం వ్యాపారం. మన కంపెనీలకు రెండోదే ముద్దు. ఇక్కడి ఏజెంట్ ఒక్క ముక్కను మూడు పేజీల మెయిల్‌గా సాగదీస్తుంది, అవతలి ఏజెంట్ ఆ మూడు పేజీలను మళ్లీ ఒక్క ముక్కకు కుదిస్తుంది, రెండు కంపెనీలూ చందా కడతాయి.

యంత్రాలంటే గిట్టని చాదస్తం ఇదంటారా? 2009లో యూఏఈ తెచ్చిన డబ్ల్యూపీఎస్ సంగతి చూడండి. జీతాలు బ్యాంకుల ద్వారా, ఎక్స్ఛేంజీల ద్వారా పడేలా చేసిన ఏర్పాటు అది. జీతం పడిందా లేదా అన్నది కార్మిక శాఖకు తెలిసిపోతుంది. దానికి తెలివి లేదు, ఊహ లేదు, నిర్ణీత నమూనాలో ఫైలు ఇస్తే తీసుకుంటుంది, లేకపోతే తిప్పికొడుతుంది. కూలీకి మేలు చేసింది ఆ మొండితనమే. మనుషులూ తప్పులు చేస్తారు కదా అనేది ఇంకో వాదన. చేస్తారు. కానీ టైపిస్టు తప్పు చేస్తే అదే కౌంటర్ దగ్గర నిలబడి నిలదీయొచ్చు. అబుదాబి ప్రభుత్వమే 2027 నాటికి ఏఐతో నడిచే ప్రభుత్వమవుతామని 1,300 కోట్ల దిర్హాములు కేటాయించింది కదా, మనకేం నొప్పి అనేవారూ ఉన్నారు. అంత డబ్బుతో ఇంజనీర్లనూ తనిఖీలనూ పెట్టుకోగల ప్రభుత్వం వేరు, నెలకు కొన్ని డాలర్లు కట్టి అకౌంటెంట్‌ను ఇంటికి పంపిద్దామనుకునే ట్రేడింగ్ కంపెనీ వేరు. ఒక్క ప్రయోజనం మాత్రం ఒప్పుకోవాలి. అరబీ రాని కూలీ తన కాంట్రాక్టును ఫోన్‌తో చదివించుకుని అర్థం చేసుకుంటున్నాడంటే అది మేలే. అక్కడ యంత్రం చదివి చెబుతోంది, నిర్ణయం అతనిదే. గొడవంతా అతని తరఫున అది ‘సబ్మిట్’ నొక్కడంతోనే మొదలవుతుంది.

ఎందుకంటే నొక్కినవాడికి పూచీ ఉండాలి. మనిషిని గల్ఫ్‌కు పంపే రిక్రూటింగ్ ఏజెంట్ల మీద ఎన్ని మోసాల కథలున్నా, భారతదేశంలో వాళ్లకు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టమొకటుంది. లైసెన్సు తీసుకోవాలి, పెద్ద ఏజెంట్లయితే 50 లక్షల రూపాయల బ్యాంకు గ్యారంటీ పెట్టాలి, పన్ను కాక 30,000కు మించి రుసుము తీసుకోకూడదు. కార్మికుడి కాగితాలు ముట్టుకునే సాఫ్ట్‌వేర్ ఏజెంట్ పెట్టిన ధరావతు ఎంత? ‘ఇది పొరపాట్లు చేయవచ్చు, సరిచూసుకోండి’ అనే చిన్నక్షరాల వాక్యం. కెనడాలో ఒక విమానయాన సంస్థ తన చాట్‌బాట్ తప్పుడు సమాచారమిస్తే, అది వేరే వ్యక్తి, దాని మాటకు మాది బాధ్యత కాదని వాదించబోయింది. 2024 ఫిబ్రవరిలో ట్రిబ్యునల్ ఆ వాదన కొట్టేసి ప్రయాణికుడికి డబ్బు ఇప్పించింది. అక్కడ ప్రయాణికుడు ట్రిబ్యునల్‌కు ఎక్కగలిగాడు. తన వీసా యజమాని చేతిలో ఉన్న గుమాస్తా ఎక్కడికి ఎక్కుతాడు? అందుకే రోలాలో, దుబాయ్ దేరాలో, అబుదాబిలో లెక్కలు రాసే, ఫారాలు నింపే తెలుగువాళ్లకు ఒక్క మనవి. రేపు మీ ఆఫీసులో ఏజెంట్‌ను పెట్టి ‘నువ్వు ఓకే నొక్కితే చాలు’ అంటే, అది చేసిన తప్పుకు జరిమానా కంపెనీదేనని ముందు కాగితం మీద రాయించుకోండి. రాయనంటే ఓకే నొక్కకండి.