మంటకు ముందే రండి

నేను మెదక్ ఖిల్లా మీది బురుజును. కాకతీయుల నాటి కోట అంటారు, కట్టించినవాడిగా ప్రతాపరుద్రుడి పేరు చెబుతారు. తర్వాత కుతుబ్ షాహీల కాలంలో ఇక్కడ మసీదు వెలిసింది. నన్ను నిలబెట్టింది దండు వస్తుంటే లేచే దుమ్మును కనిపెట్టడానికి, అడవిలో పొగను కాదు. అయినా కావలి విషయంలో నాకో అభిప్రాయం ఉంది: ఎత్తైన చోటు ఎక్కాల్సింది మంట లేచాక కాదు, చలికాలంలో. న్యూయార్క్ రాష్ట్రంలోని అడిరాండాక్ కొండల మీద నాకంటే ఎంతో చిన్నవైన ఇనుప కావలి గోపురాలు ఉన్నాయి. 1903, 1908 కార్చిచ్చుల తర్వాత, 1909 నుంచి అక్కడ కావలి గోపురాలు కట్టడం మొదలైంది, ముందు కర్రతో, తర్వాత ఉక్కుతో. గాలిమరలు చేసే ఏర్‌మోటర్ కంపెనీ వాటిలో చాలావాటికి ఉక్కు చట్రాలు సరఫరా చేసింది. కావలివాళ్లు ఎప్పుడో దిగిపోయారు. ఇప్పుడు జనం మంచులో దిగబడకుండా కాళ్లకు వెడల్పాటి చట్రాలు కట్టుకుని సరదాగా ఎక్కుతుంటారు. మంచు కప్పిన అడవి అంటుకోదు గనక అక్కడ అది వట్టి సరదాయే. మన దగ్గర లెక్క వేరు. మంచు పడదు, ఆకు రాలుతుంది. పోచారం వైపు 130 చదరపు కిలోమీటర్ల అభయారణ్యంలో టేకు చలికాలంలోనే ఆకు దులపడం మొదలుపెడుతుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా కాలేది ఆ ఆకే. మన అడవుల్లో మంట ఎక్కువగా నేలబారునే పాకుతుంది, చెట్ల కొసలకు ఎక్కేది తక్కువ. అందుకే మంట దాటకుండా ఫైర్ లైన్లు గీయడం, బాటల వెంట ఆకు ఊడ్చడం వేసవికి ముందే పూర్తి కావాలి.

ఉపగ్రహాలుండగా ఈ ముసలి బురుజు ఎందుకు అంటారా? న్యాయమైన ప్రశ్నే. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ 2004 నుంచి ఉపగ్రహాలతో మంటలను పసిగట్టి, రాష్ట్రాల అటవీ శాఖలకు కబురు పెడుతోంది. దేశమంతటినీ చూసే పని నా వల్ల కాదు, ఆ పోటీకి నేను దిగను. కానీ వాటి చూపుకూ హద్దులున్నాయి. 2017 నుంచి వాడుతున్న, ఉపగ్రహంలోని వీర్స్ పరికరానికి ఒక చుక్క అంటే 375 మీటర్ల చదరం. అది ఇటు మీదుగా పోయేది మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో, మళ్లీ అర్ధరాత్రి దాటాక. సాయంత్రం రాజుకుని చీకటి పడేలోగా ఆరిపోయిన చిన్న మంట దాని కంట పడకపోవచ్చు. అంతకన్నా పెద్ద మాట, అది చెప్పేది వేడి ఎక్కడుందోనే. ఎవరు, ఎందుకు పెట్టారో చెప్పదు. ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకు తగలబెట్టేవాళ్లున్నారు, మేకలకు కొత్త గడ్డి మొలవాలని నిప్పు పెట్టేవాళ్లున్నారు, పొలంలో కొయ్యకాలు కాల్చేవాళ్లూ ఉన్నారు. వీళ్లతో మాట్లాడాల్సింది ఫైర్ వాచర్, అదీ జనవరిలో. ఏ పొలం అడవిని ఆనుకుని ఉంది, ఏ బాట గడ్డిలో కలిసిపోయింది అన్నది ఒకసారి ఎత్తు నుంచి చూసుకున్నవాడికి ఆ మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.

చలికాలపు పొగమంచులో ఏం కనబడుతుందని ఇంకొక ఆక్షేపణ. పొద్దున్నే కనబడదు, నిజమే. కాస్త ఎండెక్కితే ముందు 1924లో ప్రారంభమైన మెదక్ చర్చి 175 అడుగుల శిఖరం తేలుతుంది, ఆ తర్వాత పొలాలు, ఆపైన దూరం. మార్చి తర్వాత మాత్రం ఎండమావులు, దుమ్ము, పొగ కలిసి రోజంతా దిక్కులు మసకబారుతాయి. ఇక జనాన్ని పిలిస్తే వాళ్లే నిప్పు తెస్తారన్న భయం ఉంది చూశారూ, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. పారేసిన బీడీ ముక్క ఎండు గడ్డిని అంటించగలదు. కాబట్టి అగ్గిపెట్టెను ప్రథమ ద్వారం దగ్గరే వదిలి, సింహ ద్వారం, గజ ద్వారం దాటి వట్టి చేతులతో రమ్మంటాను. చూడటానికి కళ్లు చాలు కదా.