ఎగిరేది గంట, చేరేది పూట

కంపెనీ పని మీద వెళ్లే ఉద్యోగి ఏ విమానానికి, ఎంత ముందుగా, ఎంత డబ్బు పెట్టి టికెట్టు కొనాలో చెప్పే నియమావళిని ట్రావెల్ పాలసీ అంటారు. తమిళనాడులోని హోసూరులో, సిప్‌కాట్ పారిశ్రామికవాడలో కూర్చుని దీన్ని రాసేవారికి మొదటి వాక్యం దగ్గరే ఒక చిక్కు ఎదురవుతుంది. ఊళ్లో ఎక్కడానికి విమానం లేదు. రన్‌వే ఉంది, అది ప్రయాణికులది కాదు. పక్కనే బేలగొండపల్లిలో తనేజా ఏరోస్పేస్ సంస్థకు సొంత రన్‌వే ఉంది. 1990లలో ఇటలీకి చెందిన పార్టెనావియా నమూనాతో ఆరు సీట్ల విమానాలను తయారు చేయడానికి పుట్టిన సంస్థ అది. విమానాలు చేసిన ఊరు విమానం ఎక్కాలంటే మాత్రం పక్క రాష్ట్రానికి పోవాలి.

దీనికి కారణం కూడా ఒక నియమమే. బెంగళూరు విమానాశ్రయం కోసం కేంద్రం 2004లో చేసుకున్న ఒప్పందం ప్రకారం, అది తెరిచిన 25 ఏళ్ల దాకా, అంటే 2033 వరకు, 150 కిలోమీటర్ల లోపల మైసూరు, హాసన్ తప్ప మరే విమానాశ్రయమూ దానికి పోటీగా రాకూడదు. ఆ 150 కిలోమీటర్లను గాలిలో కొలుస్తారు. హోసూరువాడు ఆ విమానాశ్రయం ఉన్న దేవనహళ్లి దాకా ఉన్న దాదాపు 80 కిలోమీటర్లను మాత్రం నేల మీదే, సిగ్నలు తర్వాత సిగ్నలుగా కొలుచుకోవాలి. 2024 జూన్‌లో ముఖ్యమంత్రి స్టాలిన్ హోసూరుకు 2,000 ఎకరాల్లో, ఏటా 3 కోట్ల మందికి సరిపడే విమానాశ్రయం వస్తుందని శాసనసభలో ప్రకటించారు. పాలసీ రాసేవారు ఆ వార్తను కత్తిరించి దాచుకోవచ్చు, నిబంధనల్లోకి మాత్రం తీసుకోలేరు.

అన్ని పాలసీలకూ ప్రాణం లాంటిది అతి తక్కువ ధర నియమం. కేంద్ర ప్రభుత్వం 2022 జూన్‌లో తన ఉద్యోగులకు ఇచ్చిన ఉత్తర్వు దీనికి మంచి నమూనా. మూడు గంటల వ్యవధిని ఎంచుకుని, అందులో అన్నిటికన్నా చౌకైన టికెట్టునే కొనాలి. వీలైతే 21 రోజుల ముందే కొనాలి. ప్రయాణానికి 72 గంటల లోపు కొంటే ఎందుకో రాసివ్వాలి. ప్రైవేటు కంపెనీలు మూడు గంటల మాటను వదిలేసి చౌక అన్న మాటను పట్టుకుంటాయి. చౌక విమానం సాధారణంగా తెల్లవారుజామున ఆరింటికి ముందే ఎగురుతుంది. దాన్ని అందుకోవాలంటే హోసూరులో రాత్రి ఒంటిగంటకు లేచి కారెక్కాలి, లేదా ముందురోజే వెళ్లి దేవనహళ్లి దగ్గర హోటల్లో పడుకోవాలి. టికెట్టులో రెండు వేలు మిగులుతాయి, హోటల్లో నాలుగు వేలు పోతాయి. పైగా హోటలు ఉన్నది కర్ణాటకలో. తమిళనాడులో, అంటే 33తో మొదలయ్యే జీఎస్టీ నంబరుతో మాత్రమే నమోదైన కంపెనీకి ఆ హోటలు జీఎస్టీ మీద క్రెడిట్ రాదు. ఇవేవీ టికెట్టు మీద కనిపించవు కాబట్టి, నెలాఖరు నివేదికలో విమానాల ఖర్చు తగ్గిందనే ఉంటుంది. అందువల్ల ఇక్కడ పోల్చవలసింది ఫ్యాక్టరీ గేటు నుంచి అవతలి ఊళ్లో పనిచోటు దాకా అయ్యే మొత్తం ఖర్చును. విమానం ధర అందులో ఒక వరుస మాత్రమే.

ఇరవై ఒక్క రోజుల నియమం ఆడిట్లకు, ఎగ్జిబిషన్లకు, శిక్షణలకు చక్కగా సరిపోతుంది. సర్వీసు ఇంజనీరుకు సరిపోదు. మూడు వారాల తర్వాత తన అసెంబ్లీ లైను ఆగిపోతుందని ఏ కస్టమరూ ముందుగా ఫోన్ చేయడు. అత్యవసరాన్ని విడిగా నిర్వచించని పాలసీలో పది రోజులు గడిచేసరికి అన్ని ప్రయాణాలూ అత్యవసరాలే అవుతాయి.

విమానం తప్పిపోతే డబ్బు ఎవరిదన్న నియమం దగ్గరే హోసూరు పాలసీ అసలు పరీక్షకు నిలుస్తుంది. దేశీయ విమానాలకు చెక్‌ఇన్ కౌంటర్లు సాధారణంగా గంట ముందు మూస్తారు, గేటు 25 నిమిషాల ముందు మూస్తారు. 2008 మే దాకా బెంగళూరు విమానాలు నగరంలోని హెచ్‌ఏఎల్ విమానాశ్రయం నుంచే ఎగిరేవి. ఆ తర్వాత నగరాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా దాటడం ప్రయాణంలో భాగమైంది. 2010లో వచ్చిన ఎత్తు రోడ్డు ఎలక్ట్రానిక్ సిటీ నుంచి కారును క్షణాల్లో లేపి, సిల్క్ బోర్డు జంక్షన్ దగ్గర భద్రంగా దించుతుంది. అక్కడ అది చాలాసేపు ఉంటుంది. "ఎక్కడున్నారు?" అని మేనేజరు ఫోన్ చేస్తే, "సిల్క్ బోర్డు కాడే ఉండాము సార్" అని డ్రైవరు చెప్పే మాట అరగంట తర్వాత కూడా నిజమే. సర్జాపురం, హోస్కోటె మీదుగా వెళ్లే దారి పొడుగు, కానీ కదులుతుంది. ఈ లెక్కలన్నీ చూశాక, విమానానికి అయిదు గంటల ముందు బయల్దేరినవాడి మీద తప్పు వేయకూడదన్న నియమం న్యాయంగా తోస్తుంది. మూడు గంటల ముందు బయల్దేరి ట్రాఫిక్‌ను తిట్టేవాడు తన జేబులోంచి కట్టుకోవచ్చు.

చెన్నైకి విమానాన్ని మామూలుగా నిషేధించడమే మేలు. తూర్పున ఉన్న ఊరికి పోవడానికి మొదట ఉత్తరానికి 80 కిలోమీటర్లు పోవడం, చెకింగుకు నిలబడడం, గంట ఎగరడం అయ్యేసరికి, కృష్ణగిరి మీదుగా కారులో బయల్దేరినవాడు చెన్నైలో టిఫిన్ ముగించి ఉంటాడు. ఇక బెంగళూరు నుంచి సేలంకు 2023లో మొదలైన విమానం దారిని మ్యాపు మీద గీస్తే, ఆ గీత సరిగ్గా హోసూరు నెత్తి మీదుగా పోతుంది. దానికోసం క్లెయిమ్ పెట్టినవాడిని పాలసీ ఏమీ అనక్కర్లేదు, సాటి ఉద్యోగులే చూసుకుంటారు.

తరగతి విషయంలో పెద్దగా తగువుండదు. అందరికీ ఎకానమీయే. దానిమీద జీఎస్టీ 5 శాతం, పై తరగతుల మీద 2025 సెప్టెంబరు నుంచి 18 శాతం. తగువంతా కిటికీ సీటుకు విడిగా కట్టిన డబ్బు మీద. కంపెనీ జీఎస్టీ నంబరును బుకింగ్ సమయంలోనే ఇవ్వాలన్నది చిన్న నియమమే గానీ, అకౌంట్స్ విభాగానికి అన్నిటికన్నా ప్రియమైనది. వ్యక్తిగత కార్డుతో కొని, తన పేరు మీదే బిల్లు తెచ్చినవాడికి వాళ్లు మూడు నెలలు నమస్కారం పెట్టరు.

చివరి నిబంధన మినహాయింపులది. ప్రత్యేక పరిస్థితుల్లో ఎండీ అనుమతితో పై నియమాలన్నిటినీ సడలించవచ్చని అందులో ఉంటుంది. సేల్స్ విభాగం పాలసీని చివరి పేజీ నుంచి చదువుతుంది కాబట్టి దీన్ని అందరికన్నా ముందే కనిపెడుతుంది. అనుమతి రాతపూర్వకంగా ఉండాలి. ఆచరణలో అది రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో వచ్చే బొటనవేలి బొమ్మ. అకౌంట్స్‌వారు దాన్ని స్క్రీన్‌షాట్ తీసి, ప్రింటు వేసి, బోర్డింగ్ పాసుతోపాటు వోచరుకు పిన్ చేసి ఆడిటర్ కోసం ఫైల్లో పెడతారు.