చీటీలు

ఆ ఏడాది మెంటర్ల ఎంపికకు కాలేజీ పెట్టిన షరతు ఒక్కటే. దరఖాస్తు పెట్టే విద్యార్థికి ఒక్క సబ్జెక్టు కూడా మిగిలి ఉండకూడదు.

కొత్తగా చేరిన ప్రతి ఆరుగురికీ ఒక సీనియర్ మెంటర్‌గా ఉండాలని యూజీసీ 2009లో తెచ్చిన ర్యాగింగ్ నిరోధక నిబంధనలు చెబుతాయి. అంతకు కొద్ది నెలల ముందు, అదే ఏడాది మార్చిలో, హిమాచల్ ప్రదేశ్‌లోని టాండా మెడికల్ కాలేజీలో అమన్ కచ్రూ అనే మొదటి సంవత్సరం కుర్రాడు సీనియర్ల దెబ్బలకు చనిపోయాడు. సీనియర్ అనగానే కలిగే భయం పోవాలి, ఆ చోట భరోసా రావాలి. అలాంటి నిబంధన అవసరమే.

ఆ షరతు పెట్టిన కాలేజీలో మొదటి సంవత్సరంలో చేరింది 240 మంది. మెంటర్లు 40 మంది కావాలి. దరఖాస్తులు అంతకన్నా ఎక్కువే వచ్చాయి. నాలుగో సంవత్సరం కుర్రాడొకడు కూడా పెట్టాడు. అతని కాగితం మీద ఎర్ర సిరాతో ‘ఎం-1 బ్యాక్‌లాగ్’ అని రాసి పక్కన పడేశారు. మొదటి సెమిస్టర్ లెక్కల పేపరు అతనికి మూడుసార్లు పోయింది. మిగతావన్నీ గట్టెక్కాయి.

ఎంపికైనవాళ్లకు ఒక పూట శిక్షణ ఇచ్చారు. నీలం టీషర్టు, ఒక రిజిస్టరు ఇచ్చారు. రిజిస్టర్లో మూడు గళ్లు: తేదీ, మాట్లాడిన విషయం, జూనియర్ సంతకం. వాళ్లు పని శ్రద్ధగానే చేశారు. లైబ్రరీ వేళలు చెప్పారు, ల్యాబులు చూపించారు, బస్ పాసులు ఇప్పించారు. ప్రతి శనివారం సంతకాలు తీసుకున్నారు.

మొదటి మిడ్ మార్కులు వచ్చాయి. ఎం-1లో చాలామందికి పది కూడా రాలేదు. ఆ శనివారం జూనియర్లు మెంటర్లను ఒకటే అడిగారు. “అన్నా, సబ్జెక్టు పోతే ఏమైతది?”

మెంటర్లకు జవాబు తెలియలేదు. వాళ్లలో ఎవరికీ ఎన్నడూ సబ్జెక్టు పోలేదు.

అదే వారం ఒక జూనియర్ లైబ్రరీలో ఆ నాలుగో సంవత్సరం కుర్రాణ్ని చూశాడు. సీనియర్ చేతిలో ఉన్నది తమ ఎం-1 పుస్తకమే. పక్కన కూర్చుని ఒక లెక్క అడిగాడు. మర్నాడు నలుగురు వచ్చారు. వారం తిరిగేసరికి లైబ్రరీలో జాగా చాల్లేదు. పేరు ఎవరూ అడగలేదు. అందరికీ అతను ‘ఎం-వన్ అన్న’ అయ్యాడు.

లైబ్రరీ ఎనిమిదింటికి మూసేస్తారు. మెస్ తొమ్మిదిన్నరకు. ఆ తర్వాత మిగిలింది ఫ్రెషర్ల బ్లాకులోని రీడింగ్ రూమ్. ఫ్రెషర్లను వీలైనంతవరకు వేరే బ్లాకులో ఉంచాలని, అక్కడికి సీనియర్ల రాకపోకల మీద కన్నేసి ఉంచాలని కూడా అవే నిబంధనల్లో ఉంది. నీలం టీషర్టు వేసుకొస్తే వాచ్‌మన్ గేటు తీస్తాడు. ఎం-వన్ అన్నకు టీషర్టు లేదు. మెస్ వెనక తలుపు ఒకటి బ్లాకులోకి ఉంది. అతను అటునుంచి వచ్చేవాడు.

వచ్చీ రాగానే ఫోన్లన్నీ బకెట్లో వేయించేవాడు. ఒక్కొక్కణ్ని బోర్డు దగ్గరికి పిలిచేవాడు. లెక్క తప్పితే మళ్లీ మొదటినుంచి చేయించేవాడు. వచ్చేదాకా కూర్చోనిచ్చేవాడు కాదు. పాఠం బాగా వచ్చినవాడు చెప్పే తీరు వేరు. ఇతను ఆ పేపర్లో తప్పు ఏ వరసలో దొర్లుతుందో మూడుసార్లు చూసినవాడు. ఆ వరస దగ్గరికి రాగానే “ఆగు” అనేవాడు.

ఒకడికి కామెర్లు వచ్చాయి. ఎం-వన్ అన్న రాత్రికి రాత్రి తలా యాభై పోగుచేసి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాడు. వాడు కోలుకుని వచ్చాక క్యాలెండర్ ముందు పెట్టుకుని హాజరు లెక్కేశాడు. 75 శాతం ఉండాలి. 65 పైన ఉంటే మెడికల్ సర్టిఫికెట్ పెట్టి, కండోనేషన్ ఫీజు కట్టి పరీక్ష రాయొచ్చు. 65 కూడా లేకపోతే డిటైన్. “ఇగ ఒక్క క్లాసు కూడ ఇడవకు. 70 దాటుతవు” అన్నాడు. వాడికి ఆ మూడు అంకెలూ అంతవరకు ఎవరూ చెప్పలేదు.

ఉట్నూరు దగ్గర్నుంచి వచ్చిన కుర్రాడొకడున్నాడు. ఇంటర్ దాకా తెలుగు మీడియం. మిడ్‌లో వాడికి నాలుగు మార్కులొచ్చాయి. ఒక రాత్రి పదకొండింటికి బ్యాగు సర్దుకుని మెట్లు దిగుతున్నాడు. ఎం-వన్ అన్న ఎదురొచ్చాడు.

“ఏడికి రా?”

“ఇంటికి అన్నా. నాతోని కాదు.”

అన్న మాట్లాడకుండా బ్యాగు గుంజుకున్నాడు. రీడింగ్ రూమ్‌లోకి తీసుకెళ్లి కూర్చోబెట్టాడు. పర్సులోంచి మూడు కాగితాలు తీసి బల్ల మీద పరిచాడు. మార్కుల మెమోలు. మడతల దగ్గర చిరుగుపట్టాయి. మొదటి మెమోలో సబ్జెక్టులన్నీ ఉన్నాయి. తర్వాతి రెండింట్లో ఒక్కొక్క వరసే ఉంది. ఎం-1. ఎఫ్.

కుర్రాడు మూడూ చదివాడు. మళ్లీ చదివాడు.

“మరి నువ్వు పోలేదా అన్నా?”

“ఫస్టియర్‌ల బ్యాగు సర్దిన. పోనిచ్చేటోడు లేకుంటే బాగుండు అనుకున్న. అందరు పోనిచ్చిన్రు. బస్టాండ్ దాక పోయి నేనే తిరిగొచ్చిన.”

ఒక మెమో తిరగేసి వెనకవైపు మ్యాట్రిక్స్ రాశాడు. “సున్నాలు మెట్లలెక్క దిగాలె. ఒక అడ్డువరస మొత్తం సున్నాలైతే దాన్ని లెక్కల పట్టకు. మిగిలిన వరసలెన్నో అదే ర్యాంకు. గంతే.” కుర్రాడు చేశాడు. తప్పింది. మళ్లీ చేశాడు. మూడోసారి వచ్చింది. ఇంకోటి ఇవ్వమన్నాడు. బ్యాగు ఆ రాత్రి అన్న గదిలోనే ఉండిపోయింది.

మొదటి మూడు నెలలు పదిహేను రోజులకోసారి ఫ్రెషర్ల మధ్య పేర్లు లేని సర్వే జరపాలని నిబంధనల్లో ఉంది. భయం లేకుండా నిజం రాయడానికి అది దారి. ఆ పక్షం చీటీలు హాస్టల్లో పంచారు. పైన ఇంగ్లిషులో ఒక ప్రశ్న: సీనియర్లతో మీ అనుభవం ఏమిటి? కింద రెండు గీతలు. పేరు రాయకూడదు, జవాబు ఇంగ్లిషులోనే రాయాలి అన్నారు.

రాత్రి రీడింగ్ రూమ్‌లో ఆ మాటే వచ్చింది. ఎం-వన్ అన్న అప్పటికింకా రాలేదు. వచ్చే ఏడు అతను కాలేజీ వదిలి వెళ్లిపోతాడు. ఈలోగా అతని సంగతి పైవాళ్లకు తెలియాలి, టీషర్టు వాళ్లలో ఎవరూ చేయని పని చేస్తున్నాడని వాళ్ల నోట రావాలి అనుకున్నారు. అందరం రాద్దాం అన్నారు.

ఉట్నూరు కుర్రాడు చీటీ ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. రాయాల్సింది చాలా ఉంది. ఉన్నవి రెండు గీతలు. వచ్చిన ఇంగ్లిషు కొంచెం. చివరికి రాశాడు: “ఎం-వన్ అన్న టేక్ మై బ్యాగ్. నాట్ సెండ్ హోమ్.” ఒకసారి చదువుకుని, అన్న పేరు కింద గీత గీసి, మడిచి పెట్టెలో వేశాడు.

లెక్కపెడితే ఎం-వన్ అన్న పేరున్న చీటీలు 41 తేలాయి.

ర్యాగింగ్ నిరోధక కమిటీ అదే సాయంత్రం కూర్చుంది. అంతకుముందు సర్వేల్లో ఒక్క సీనియర్ పేరు కూడా రాలేదు. ఎం-వన్ అన్న ఎవరో కనుక్కోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. పరీక్షల విభాగాన్ని అడిగితే నాలుగో సంవత్సరంలో ఎం-1 మిగిలినవాడు ఒక్కడేనని చెప్పారు.

నోటీసు బోర్డుకెక్కింది. అర్ధరాత్రి వరకు ఫ్రెషర్ల బ్లాకులో ఉండటం. ఫ్రెషర్ల ఫోన్లు లాక్కోవడం, తోటివారి ముందు గంటల తరబడి నిలబెట్టడం. డబ్బు వసూలు చేయడం. ఇంటికి వెళుతున్న విద్యార్థిని అడ్డగించి బ్యాగు తీసుకోవడం. మొత్తం నాలుగు అభియోగాలు. ఆధారం: 41 మంది ఫ్రెషర్లు స్వయంగా రాసిచ్చిన చీటీలు.

ఎం-వన్ అన్న రెండు వాక్యాల్లో జవాబిచ్చాడు. “ఇవన్నీ చేసిన మాట నిజమే. ఎందుకు చేశానో వాళ్లను పిలిచి అడగండి.” రాసినవాళ్లను పిలిస్తే వాళ్లెవరో బయటపడుతుంది, అందుకు వీల్లేదు అని కమిటీ తీర్మానించింది.

మర్నాడు ఉట్నూరు కుర్రాడు కన్వీనర్ గదికి వెళ్లాడు. కన్వీనర్ పెద్దమనిషి. పిల్లల మేలు కోరినవాడు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు.

“సార్, ఆ బ్యాగు చీటీ నేనే రాసిన. అన్న మంచోడని రాసిన సార్.”

“చీటీల మీద పేర్లు లేవు బాబూ. ఏది ఎవరిదో మేం తెలుసుకోకూడదు.”

“నాదే సార్. అన్న పేరు కింద గీత కూడ గీసిన. ఆ బ్యాగు గుంజుకోకపోతే నేను ఈడ ఉండకపోదును.”

కన్వీనర్ వాడి వంక చూశాడు. కుర్రాడి చేతులు వణుకుతున్నాయి. గ్లాసులో నీళ్లు పోసి ముందుకు జరిపాడు.

“భయపడకు. మేమున్నాం. నీ ఒక్కడికే వచ్చిందా ఈ ఆలోచన?”

“లేదు సార్. రాత్రి అందరం అనుకున్నం. నన్ను పోయి చెప్పమన్నరు.”

“అక్కడ అతనున్నాడా?”

“ఉన్నడు సార్. వద్దు, మీ మీదికి వస్తది, పోకున్రి అన్నడు.”

కన్వీనర్ తల ఊపి, ఆ మాట ఫైల్లో రాసుకున్నాడు.

సాయంత్రం ఉత్తర్వు వచ్చింది. హాస్టల్ నుంచి పంపేశారు. ఆ సెమిస్టర్ పరీక్షలు రాయనివ్వం అన్నారు, ఎం-1 సప్లీతో సహా. అభియోగాలు నాలుగున్న చోట ఇప్పుడు అయిదున్నాయి. అయిదోది: ఫిర్యాదుల సంగతిలో ఫ్రెషర్లను బెదిరించడం.