గుడాఖూ రుద్దుకుంటూ హిప్నోథెరపీ

డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో ఎవడైనా కొత్తగా ఏదైనా మొదలుపెడితే, సాయంత్రం షిఫ్టు వదిలేలోపు ఆ కబురు ఖమ్తరాయ్ దాకా పాకుతుంది. అందుకని నేను హిప్నోథెరపిస్టునయ్యానన్న సంగతి కాలనీలో ఎవరికీ చెప్పలేదు. ఇంటర్నెట్‌లో మాత్రమే చెప్పాను. ప్రపంచానికి తెలిసినా ఫరవాలేదు, పక్క క్వార్టర్ వాళ్ళకు తెలియకూడదు అనుకున్నవాడి తెలివి ఏపాటిదో ఇక్కడే బయటపడింది గనక, మిగతాది దాచి లాభం లేదు.

రాయపూర్ ఎరగనివాళ్ళకు ఒక మాట. డబ్ల్యూఆర్ఎస్ అంటే వ్యాగన్ రిపేర్ షాప్. గూడ్సు బళ్ళ వ్యాగన్లు ఓవర్‌హాలింగ్‌కి ఇక్కడికొస్తాయి. ఊళ్ళోవాళ్ళకు మా కాలనీ పేరు చెబితే దసరా మైదానంలో కాల్చే ఎత్తైన రావణుడు గుర్తొస్తాడు. తెలుగువాళ్ళకు మాత్రం శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం గుర్తొస్తాయి. 1931లో రాయపూర్-విజయనగరం లైను పూర్తయింది. మా తాత ఆ దారినే వచ్చాడు. ఇప్పుడు మేం తెలుగులో మాట్లాడుకుంటాం, హిందీలో లెక్కపెట్టుకుంటాం, కోపమొస్తే ఛత్తీస్‌గఢీలోకి దిగుతాం. మా పిల్లలు తెలుగు సినిమా చూస్తారు గానీ పోస్టరు మీద పేరు చదవలేరు.

నేను షాపులో టెక్నీషియన్ని. నాకు మూడు కోరికలుండేవి. జేఈ, అంటే జూనియర్ ఇంజనీర్ పరీక్ష పాసవడం, గుడాఖూ మానడం, రాత్రి పదకొండుకల్లా పడుకోవడం. గుడాఖూ అంటే పొగాకూ బెల్లపు మడ్డీ కలిపి చేసే ముద్ద. చిన్న డబ్బీలో అమ్ముతారు. వేలితో తీసి పళ్ళకూ చిగుళ్ళకూ రుద్దుకోవాలి. ఛత్తీస్‌గఢ్‌లో పొద్దున్నే దానితోనే పళ్ళు తోముకునే ఇళ్ళు బోలెడు. మొదట తల తిరుగుతుంది, తర్వాత అది లేకపోతే తల తిరుగుతుంది. మా నాన్న చేతిలో డబ్బీ చూస్తూ పెరిగినవాణ్ణి, నాకు అలవాటు ఎలా అయిందో ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

ఈ మూడు కోరికల కోసమే హిప్నాసిస్ జోలికి వెళ్ళాను. ఇది నిజం. మిగతావన్నీ తర్వాత అంటుకున్నాయి.

తెలుగువాడికి హిప్నాటిజం అనగానే బి.వి. పట్టాభిరామ్ గుర్తుకు రాకుండా ఉండడు. నాకూ ఆయన పుస్తకమే మొదటి గురువు. విశాఖలో పెళ్ళికి వెళ్ళినప్పుడు కొన్నాను. ఆ పుస్తకం చదివినదానికంటే ఆయన జీవితంలోంచి నాకు కావలసిన ముక్క కోసుకున్నది ఎక్కువ. ఆయన ఫుడ్ కార్పొరేషన్‌లో ఉద్యోగం చేస్తూనే మ్యాజిక్ ప్రదర్శనలిచ్చారు కదా, మరి రైల్వేలో ఉద్యోగం చేస్తూ నేనెందుకు చేయకూడదు? ఆ తర్వాత ఆయన మనస్తత్వశాస్త్రం చదివారనీ, డాక్టరేట్ తీసుకున్నారనీ, ఏళ్ళ తరబడి కౌన్సెలింగ్ చేశారనీ నాకు తెలుసు. తెలిసీ ఆ పేజీ దాటేశాను. 2025 జూన్ 30న ఆయన పోయారని వార్త చూసినప్పుడు బాధ కంటే ముందు సిగ్గేసింది.

రెండో ఆసరా జేమ్స్ ఎస్‌డెయిల్. స్కాట్లండ్ డాక్టరు, ఈస్టిండియా కంపెనీ కొలువు. మా స్టేషన్ మీదుగా హౌరా వెళ్ళే బండెక్కితే, హౌరా దాటాక హుగ్లీ ఎంతో దూరం కాదు. అక్కడ 1845 ఏప్రిల్‌లో బీజం వాచి నొప్పితో అల్లాడుతున్న ఒక ఖైదీని మెస్మరిజంతో మగతలోకి పంపి చికిత్స చేశాడు. అప్పటికి మత్తుమందు రాలేదు. ఈథర్ 1846లో, క్లోరోఫామ్ 1847లో వచ్చాయి. ఆ మధ్యకాలంలో ఎస్‌డెయిల్ పెద్ద పెద్ద కణితులు కోశాడు, కలకత్తాలో మెస్మరిక్ ఆసుపత్రి కూడా పెట్టారు. ఇందులో నేను పట్టుకున్న ముక్క ఒక్కటే. మొదటి రోగి మీద చేయి వేసేనాటికి ఆయన మెస్మరిజం గురించి చదివాడే గానీ, ఎవరూ చేస్తుండగా చూడలేదు. ఆహా, ఆయనా చదివే నేర్చుకున్నాడు! ఆయన అప్పటికే సర్జన్ అన్న మాట నా లెక్కలోకి రాలేదు.

వారాంతపు ఆన్‌లైన్ కోర్సొకటి చేసి సర్టిఫికెట్ ప్రింటు తీసుకున్నాను. ఇక్కడ ఆగి సాధన చేసి ఉంటే ఇది రాయాల్సిన అవసరం ఉండేది కాదు. పడుకునే ముందు పావుగంట కళ్ళు మూసుకుని, శ్వాస గమనించుకుని, నాకు నేను నాలుగు మాటలు చెప్పుకోవాలి. అంతే పని. దానికి బదులు యూట్యూబ్ ఛానెల్ పెట్టాను. ఛానెల్‌కి లోగో కావాలి. లోగో ఉంటే వెబ్‌సైటు ఉండాలి. వెబ్‌సైటుకి వస్తే అమ్మడానికేదో ఉండాలి కనక ఈ-బుక్కు, ఈ-బుక్కు కొన్నవాళ్ళకు వాట్సాప్ గ్రూపు. ప్రకటనల డబ్బు రావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో నాలుగువేల గంటల వీక్షణ ఉండాలని చదివి, జేఈ సిలబస్ ఉన్న నోట్సు వెనక పేజీలో ఆ గంటల లెక్క వేసేవాణ్ణి.

షాపులో వ్యాగన్‌కి ఓవర్‌హాలింగ్ అయ్యాక, మళ్ళీ ఎప్పుడు రావాలో ఆ తేదీ దాని పక్క పలక మీదే పెయింటుతో రాస్తారు. నా కోరికలకూ అలాగే తేదీలు వేసి బీరువా తలుపుకి అంటించాను. వ్యాగన్ అయినా తేదీకి అటూఇటూగా వస్తుంది.

వీడియోల్లో ఒకటి మాత్రం ఇప్పటికీ బాగుందనుకుంటాను. మెస్మరిజానికి ఆ పేరు తెచ్చిన మెస్మర్ చెప్పిన అయస్కాంత శక్తి సిద్ధాంతం నిజమో కాదో తేల్చమని 1784లో ఫ్రాన్సు రాజు పదహారో లూయీ సంఘం వేశాడు. బెంజమిన్ ఫ్రాంక్లిన్, లావోయిజర్ అందులో సభ్యులు. ఫ్రాంక్లిన్ ఇంటి తోటలో ఒక చెట్టుకు అయస్కాంత శక్తి ఎక్కించామని చెప్పి, కళ్ళకు గంతలు కట్టిన ఒక అబ్బాయిని వేరే చెట్ల దగ్గరకు ఒకదాని తర్వాత ఒకటిగా తీసుకెళ్ళారు. శక్తి లేని నాలుగో చెట్టు దగ్గరే వాడు మూర్ఛపోయాడు. శక్తి చెట్టులో లేదు, వాడి ఎదురుచూపులో ఉంది. తర్వాత మాంచెస్టర్ డాక్టరు జేమ్స్ బ్రెయిడ్ 1843లో పుస్తకం రాస్తూ ఈ విద్యకు కొత్త పేరు పెట్టి, అసలు కీలకం ఎదుటివాడు ఒక్కదాని మీద చూపూ మనసూ నిలపడమేనన్నాడు. ఇది కెమెరా ముందు ఎంతో గంభీరంగా చెప్పాను. చెబుతూ ఫోనులో ఎన్ని లైకులొచ్చాయో మధ్యమధ్య ఓరగా చూశాను. ఎడిటింగులో ఆ చూపులు కత్తిరించడానికి అర్ధరాత్రి దాటింది.

అమ్మకానికి పెట్టింది నిద్ర ఆడియో. తొంభైతొమ్మిది రూపాయలు. ఇంట్లో అందరూ పడుకున్నాక వంటగదిలో దుప్పటి కప్పుకుని రికార్డు చేసేవాణ్ణి. "మీరు మెట్లు దిగుతున్నారు... పది... తొమ్మిది... శరీరం తేలికపడుతోంది..." ఐదో మెట్టుకొచ్చేసరికి యార్డులో షంటింగు, వ్యాగన్లు ఢీకొన్న చప్పుడు. మళ్ళీ పదో మెట్టు నుంచి. చివరికి విసుగొచ్చి ఆ చప్పుళ్ళు అలాగే ఉంచి, "సహజమైన రైలు ధ్వనులతో" అని ప్రకటనలో రాశాను. జనానికి నిద్రపట్టించే పనిలో నేను ఒంటిగంటకు పడుకోవడం, పొద్దున్నే సైరన్‌కి లేచి కళ్ళు మండుతూ షాపుకి పోవడం. నిద్ర ఆపుకోవడానికి ఏం చేసేవాణ్ణంటారా? గుడాఖూ. రికార్డింగుకి ముందొకసారి, తర్వాతొకసారి. ఆ నెల కొత్త ఆడియో పేరు "పొగాకు నుంచి విముక్తి".

కాలనీలో కబురు దాగుతుందా? మా వరసకు పిన్ని అయ్యే ఒకావిడ, షాపులో రిటైరైనాయన భార్య, ఓ ఆదివారం వచ్చి కూర్చుంది. గుడాఖూ మాన్పించమంది. నాకు మొదటి కేసు! కుర్చీలో కూర్చోబెట్టి, గోడ మీద చుక్క చూడమని, చేయి గాల్లోకి తేలుతోందని చెప్పాను. చేయి తేలలేదు, తల వాలిపోయింది. ట్రాన్స్ అనుకుని మురిసిపోయాను. గురక వినిపించాక అనుమానమొచ్చింది. సలహాలు మాత్రం పూర్తిగా చెప్పాను, కోర్సులో చెప్పిన వరసలోనే. లేచి, నా మొహంలోకి చూసి అంది, "మంచి నిద్దరట్టింది నాన్నా. మరి నీ పళ్ళేటి అలగున్నాయి?" నేను నోరు మూసుకున్నాను. ఆవిడ రొంటినున్న డబ్బీ తీసి మూత విప్పి, "ఇదిగో, కొంచెం ఎట్టుకో, మొకం ఆడిపోయింది" అని నా ముందు పెట్టింది. ఎట్టుకున్నాను. ఇద్దరం వసారాలో కూర్చుని రుద్దుకున్నాం.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. తర్వాతది నవ్వుకునేది కాదు. షాపులో ఒక కుర్రాడికి తల్లి పోయింది. పనిలో చేతులు వణుకుతున్నాయని, రాత్రులు ఊపిరాడనట్టుంటోందని నాతో చెప్పాడు. బాల్యంలోకి తీసుకెళ్ళే రిగ్రెషన్ మీద అప్పుడే ఒక ఈ-బుక్కు సగం రాసి ఉన్నాను. అనుభవం ఉంటే మిగతా సగం బాగా వస్తుందనిపించింది. ఇది రాయడానికి చేయి రావడం లేదు, అయినా ఆలోచన అదే. వాణ్ణి కూర్చోబెట్టి వెనక్కి తీసుకెళ్ళాను. ఆసుపత్రి రాత్రి దగ్గరకు వచ్చేసరికి వాడు గుక్కపట్టి ఏడవడం మొదలుపెట్టాడు. ఆపడం నాకు తెలియలేదు. సర్టిఫికెట్‌లో ఆ పాఠం లేదు. "మీరు సురక్షితంగా ఉన్నారు" అని నా ఆడియో గొంతుతో అంటూనే ఉన్నాను, వాడు వినడం లేదు. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, నన్ను పక్కకు నెట్టి, వాడి వీపు నిమిరి, నీళ్ళిచ్చి, వాళ్ళమ్మ పేరేమిటని అడిగింది. చాలాసేపటికి వాడు కుదుటపడ్డాడు. మర్నాడు సెలవు పెట్టించి వాణ్ణి ఎయిమ్స్‌లో మానసిక వైద్యుల దగ్గరకు తీసుకెళ్ళాను. ఇప్పుడు బాగున్నాడు. మంచి పిల్లాడు గనక నాతో మాట్లాడుతున్నాడు.

నా వెబ్‌సైటు మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ఒక వాక్యం ఉండేది, హిప్నోథెరపీ కేంద్ర ఆరోగ్య శాఖ సిఫార్సు చేసిన చికిత్స అని. అబద్ధం కాదు. 2003 నవంబరు నాటి ఉత్తరంలో ఆ మాట ఉంది. తగిన శిక్షణ పొందినవారు మాత్రమే చేయాలని కూడా ఉంది. ఆ సగం నేను పెట్టలేదు. ఈ విద్య బూటకమని నేననను. 1984లో మాంచెస్టర్‌లో పీటర్ వోర్వెల్ బృందం, ఏ మందుకూ లొంగని పేగుల బాధ ఉన్న 30 మందిని తీసుకుని చేసిన పరీక్షలో హిప్నోథెరపీ బాగా పనిచేసింది. కాకపోతే వాళ్ళు డాక్టర్లు, ఎవరికి చేస్తున్నారో తెలిసి చేశారు. వినేవాడెవడో, వాడికున్న జబ్బేమిటో తెలియకుండా తొంభైతొమ్మిది రూపాయలకు అమ్మలేదు.

ఆ తర్వాతైనా ఛానెల్ ఆపానా అంటే లేదు. ఆపించింది 15వ నియమం. ఆఫీసులో పనిచేసే తెలుగు పెద్దాయన ఒకాయన టీ దగ్గర మెల్లగా అడిగాడు, "ఏమయ్యా, పర్మిషన్ తీసుకున్నావా?" 1966 నాటి రైల్వే ఉద్యోగుల ప్రవర్తనా నియమావళిలో 15వది ప్రైవేటు వ్యాపారం గురించి. ముందస్తు అనుమతి లేకుండా చేయకూడదు. డబ్బు తీసుకోని సమాజసేవ, అప్పుడప్పుడు చేసే సాహిత్య, కళా, శాస్త్ర సంబంధమైన పని చేసుకోవచ్చు. నాది కళా, శాస్త్రమా అని రాత్రంతా ఆలోచించి, ఖాతా మా ఆవిడ పేరుకి మార్చాలని తీర్మానించాను. ఆవిడ చారు కలుపుతూ వింది. "ఏటండీ, తప్పు మీది, పేరు నాదా? రేపు ఎవరైనా అడిగితే నేనేటి సెప్పాలి, మీరు వంటగదిలో దుప్పటి కప్పుకుని మెట్లు దిగుతారనా?"

వెబ్‌సైటు తీసేశాను. గ్రూపు మూసేశాను. లోగో మాత్రం ఫోనులో ఉంది, బాగా కుదిరింది. జేఈ పరీక్ష ఒకసారి తప్పాను, మళ్ళీ దరఖాస్తు పెట్టాను. గుడాఖూ పూర్తిగా మానలేదు, పొద్దున ఒక్కసారికి వచ్చింది. దానికి కారణం హిప్నాసిస్ కాదు, చిగుళ్ళ డాక్టరు. పడుకునే ముందు పావుగంట కళ్ళు మూసుకుంటున్నాను, ఎవరికీ చెప్పకుండా. చాలాసార్లు మధ్యలోనే నిద్రపోతున్నాను.

మనసు బాగోలేక, నిద్రపట్టక నాలాంటివాడి ఆడియో కోసం వెతుకుతున్నవాళ్ళు ముందు 14416కి ఫోను చేయండి. అది 2022లో ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్, డబ్బు తీసుకోరు, తెలుగులోనూ మాట్లాడతారు. నా ఆడియో ఇప్పటికే కొన్నవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, రసీదు పంపండి. తొంభైతొమ్మిది వెనక్కి వేస్తాను. ఈ-బుక్కుకి అడక్కండి, అది సగం మీరు ఇప్పుడు చదివిందే.