సంతకాల ఛాంపియన్లు

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఆట మొదలవకముందే ర్యాంకులొచ్చేస్తాయి. ఇంకా స్కూలు దాటని కుర్రాళ్లకు నక్షత్రాలు వేసి, వాళ్లలో ఎక్కువమందితో సంతకాలు పెట్టించి చేర్చుకున్న కాలేజీకి కిరీటం పెడతారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! 2022లో టెక్సస్ ఏ అండ్ ఎం బ్యాచ్‌ను ఆ జట్టు చరిత్రలోనే కాదు, ర్యాంకింగుల చరిత్రలోనే మేటి అన్నారు. తీరా చూస్తే సొంత మైదానంలో అప్పలాచియన్ స్టేట్ చేతిలో 17-14తో బోల్తా. సీజన్ మొత్తమ్మీద 5 గెలుపులు, 7 ఓటములు. నక్షత్రాల్లో చాలామంది వేరే కాలేజీలకు చెక్కేశారు. మరుసటి ఏడు కోచ్ జింబో ఫిషర్‌నూ సాగనంపారు, ఒప్పందం ప్రకారం 7.5 కోట్ల డాలర్లకు పైగా ముట్టజెప్పే లెక్కన. అన్ని సంతకాల్లో అసలైన ఫైవ్ స్టార్ సంతకం ఆయనదే!