బోల్టు బాబాయి

రాజమండ్రిలో ఏ వీధికి వెళ్లినా ఒకాయన తగులుతాడు. రిటైరైన మనిషి. ఆస్తంతా పిల్లలకి రాసిచ్చేసి, పాత బిస్కట్ డబ్బా ఒక్కటే తన పేరున ఉంచుకున్నాడు. అందులో వంగిన మేకులు, జత పోయిన నట్లు, ఏ కుర్చీవో తెలియని స్క్రూలు. వాళ్లావిడ పాత సామాన్లవాణ్ణి కేకేసిన రోజున ఆయన ఆ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాడు. వీధికి ఆయన బోల్టు బాబాయి.

ఎదురింటి కుర్రాడు గేటుకి నట్టు కావాలని వస్తాడు.

"ఎంఎం బోల్టా, సూత్ బోల్టా?"

"ఆయ్... బోల్టండి."

"చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయిరా. 8 ఎంఎం బోల్టుకి రెండున్నర సూత్ నట్టు పెట్టి చూడు. ఒకటి రెండు చుట్లు బుద్ధిగా తిరిగి, ఆనక కొత్తల్లుడిలా అలిగి కూర్చుంటుంది. పానా పట్టి బలవంతం చేశావో, మర పోద్ది!"

మాట నిజమే. సూత్‌లది అంగుళాల లెక్క. రెండింటి లావులో తేడా కంటికి ఆనదు. మరల మధ్య ఎడం మాత్రం ఎంఎం బోల్టుకి 1.25 మిల్లీమీటర్లు, అంగుళానికి 18 మరలుండే సూత్ బోల్టుకి 1.41. ఈ అంగుళాల మరకి 1841లో కొలతలు కట్టిన జోసెఫ్ విట్‌వర్త్ దాకా కుర్రాణ్ణి నడిపించి, చివరికి కొట్లో కొనుక్కోమంటాడు. డబ్బాలోది ఇవ్వడానికి ఆయనకి ప్రాణం ఒప్పదు.

వడ్రంగులకి ఆయనంటే హడల్. తలుపు బందులకి నల్ల జిప్సం స్క్రూలు బిగిస్తూ దొరికిపోతే ఇక ఆ పూట పని సాగదు. అవి సీలింగు షీట్లకి చేసినవి. గట్టివే గానీ వంగే గుణం తక్కువ, బరువు పడితే పుటుక్కున విరుగుతాయి. వడ్రంగికీ తెలుసు. చవగ్గా వస్తాయనీ తెలుసు.

కొడుక్కి పెళ్లిచూపులని భీమవరం వైపు తీసుకెళితే, ఆయన తిన్నగా రొయ్యల చెరువు గట్టెక్కాడు. ఏరియేటరుకి మామూలు ఇనప బోల్టులు! ఉప్పునీటికి స్టెయిన్‌లెస్ వెయ్యాలనీ, స్టీలు మీద స్టీలు నట్టు పట్టేస్తుంది కాబట్టి కాస్త గ్రీజు పూయాలనీ కాబోయే వియ్యంకుడికి గంటసేపు బోధించాడు. సంబంధం కుదిరింది. పిల్ల ఏం చదివిందో ఆయనకి శుభలేఖలో చూశాకే తెలిసింది.

సాయంత్రాలు గోదావరి గట్టున ఎవరు దొరికితే వాళ్లకి హేవలాక్ వంతెన చూపిస్తాడు. 1900 నుంచి 1997 దాకా రైళ్లు మోసిందంటే ఆ ఘనత రివిట్లదేనంటాడు. ఎర్రగా కాల్చి దిగ్గొడితే, చల్లారేటప్పుడు కుంచించుకుపోయి రేకుల్ని అదిమి పడతాయి, అదురుకి వదులవవు. స్తంభాలు కట్టినవాళ్ల ఊసు ఎత్తడనుకోండి, అది వేరే సంగతి.

ఎవరింటికి భోజనానికెళ్లినా ముందు తలెత్తి ఫ్యాను చూస్తాడు. రాడ్డుని పట్టుకున్న బోల్టుకి నట్టుంటే చాలదు. బోల్టు చివరి బెజ్జంలో స్ప్లిట్ పిన్ను దూర్చి, కాళ్లు విడదీసి ఉండాలి. లేకపోతే తిరిగీ తిరిగీ ఆ అదురుకి నట్టు ఊడొస్తుంది. అంచేత ఆయన్ని పిలిచే ఉద్దేశం ఉంటే పులస సంగతి తర్వాత. ముందు మెయిను ఆపి, స్టూలెక్కి, ఫ్యాను పైగిన్నె దించి ఆ పిన్ను ఉందో లేదో చూసుకోండి.