నాన్న అప్పు, కూతురి కొట్టు

అప్పు లేని కొంప ఉండదంటారు. అప్పు లేని వీడియో గేమ్ కూడా దొరకడం కష్టమేనని నాకీమధ్యే తెలిసింది. తుపాకులు, కార్లు, రాక్షసులు ఉంటాయనుకుని కూర్చున్నాను. తీరా చూస్తే అక్కడా బాకీలు, వాయిదాలు, మాట తప్పిన పెద్దమనుషులే.

మా మేనల్లుడు అంటగట్టిన మొదటి ఆట 'రిసెటియర్'. 2007లో జపాన్‌లో ఈజీగేమ్‌స్టేషన్ అనే చిన్న బృందం తయారుచేసింది. 2010లో ఇంగ్లీషులోకొచ్చింది. రిసెట్ అనే పిల్ల తండ్రి, పెద్ద వీరుణ్ణయిపోతానని ఇల్లొదిలి పోయాడు. కూతురికి మిగిల్చింది 8,20,000 పిక్సుల అప్పు, అదీ చెప్పకుండా. పిక్స్ అంటే వాళ్ళ రూపాయి. ఓ పొద్దున ఫైనాన్స్ కంపెనీ తరఫున రెక్కలున్న చిట్టి దేవత ఒకతె దిగింది. పేరు టియర్. ఇల్లు జప్తు చేయించుకుంటావా, ఆ ఇంట్లోనే కొట్టు పెట్టి తీరుస్తావా అని అడిగింది. సాక్షాత్తూ నక్షత్రకుడి చెల్లెలే అనుకోండి. కాకపోతే నక్షత్రకుడు ప్రాణాలు తోడితే, ఈవిడ ఆ ఇంట్లోనే మకాం పెట్టి వ్యాపారం నేర్పిస్తుంది. మనవైపు వసూలుకొచ్చేవాళ్ళకి రెక్కలుండవు, బుల్లెట్టు బండి ఉంటుంది.

వాయిదాలు వారానికొకటి. మొదటి వారం 10,000. ఓస్ ఇంతేనా అనిపిస్తుంది. తర్వాత 30,000, ఆపైన 80,000, ఆపైన 2,00,000. ఈలోగా బేరాలు. వెయ్యి పిక్సుల కత్తికి నేను 1,300 చెబుతాను. ముసలాయన మొహం చిట్లిస్తాడు. 1,200కి దిగితే పట్టుకుపోతాడు. ఇంకా బిగిస్తే కొట్టు దిగి వెళ్ళిపోతాడు. అప్పుడప్పుడూ ఓ చిన్నపిల్ల వస్తుంది, చేతిలో డబ్బు తక్కువ. తండ్రి ముంచిన పిల్ల ఇంకో పిల్ల దగ్గర ఎంత లాగాలి? వారాంతం దగ్గరపడితే ధర్మరాజైనా లాగుతాడు.

వాయిదా తప్పితే ఇల్లు పోయి అట్టపెట్టెలో కాపురం. అయితే వెంటనే ఆట మొదటి రోజుకి తిరిగిపోతుంది, సరుకూ అనుభవమూ మన దగ్గరే ఉంటాయి. ఏ బ్యాంకు మేనేజరైనా ఈ పద్ధతి పరిశీలిస్తే బాగుండును.

ఇంతకన్నా మెత్తటి అప్పు 2020లో వచ్చిన 'యానిమల్ క్రాసింగ్: న్యూ హొరైజన్స్'లో ఉంది. టామ్ నూక్ అనే జంతువు మన గుడారం తీసేసి ఇల్లు కట్టించి, 98,000 బెల్స్ బాకీ రాసుకుంటుంది. అమ్మ వెనక నుంచి చూస్తూ అడిగింది.

"నూటికెంత వడ్డీరా?"

"వడ్డీ లేదమ్మా."

"గడువు?"

"అదీ లేదు."

"ఏదో మోసం ఉంది. సంతకం పెట్టకు."

అమ్మ అనుమానం నిజమయ్యే ఆట వేరే ఉంది. 2018 నాటి 'రెడ్ డెడ్ రిడెంప్షన్ 2'. కథాకాలం 1899, అమెరికా. ముఠా నాయకుడు డచ్ అందరినీ కుటుంబం అంటాడు. ఇంకొక్క దోపిడీ చేస్తే చాలు, తాహితీ వెళ్ళి మామిడి పండించుకుందామంటాడు. మామిడిలో ఏపాటి మిగులుతుందో నూజివీడు రైతునొకణ్ణి అడిగి ఉంటే ఆ పూటే ముఠా విడిపోయేది. ఆ ముఠాలో స్ట్రాస్ అనే ఆయన పేదలకి వడ్డీకిస్తాడు, వసూలు పని ఆర్థర్ అనేవాడిది. డౌన్స్ అనే జబ్బుమనిషిని ఆర్థర్ కొడతాడు. డబ్బు రాలదు, ఆయన దగ్గులోంచి క్షయ మాత్రం అంటుకుంటుంది. తర్వాత ఆ డబ్బు ఆయన భార్య కడుతుంది, విధవరాలై.

మన హరిశ్చంద్రుడు నిజం నిలబెట్టుకోవడానికి బాకీపడి ఆలుబిడ్డల్ని అమ్ముకున్నాడు. 2013లో వచ్చిన 'బయోషాక్ ఇన్ఫినిట్'లో బుకర్ అనేవాడు జూదం బాకీకి కన్నకూతుర్ని ఇచ్చేశాడు. నూక్‌ది తప్ప ఈ ఆటలన్నిటిలో నాకు కనిపించింది ఒకటే: అబద్ధం ఇంటిపెద్దది, వాయిదా చిన్నవాళ్ళది. ఆ పెద్దల్లో హాయిగా తప్పించుకున్నవాడు రిసెట్ నాన్న ఒక్కడే అని నా అభిప్రాయం.

మీరు రిసెట్ కొట్టు తెరిచేటట్టయితే నాలుగో వారం కట్టేసి గుండెలమీద చెయ్యేసుకుని పడుకోకండి. ఐదో వారం కట్టాల్సింది 5,00,000.